ఊరి పేరు, కొట్టు పేరు

ఈ ఉపన్యాస నిధిని నెలకొల్పిన కుటుంబం స్మరించుకుంటున్న పెద్దాయన బజారులో ఒక చిన్న పట్టుబట్టల కొట్టు నడిపారు. కొట్టుకు బోర్డు లేదు. ఆయన పేరు చెబితే చాలు, ఎవరైనా దారి చూపేవారు. అలా సంపాదించుకున్న మంచిపేరుకు ఫోనులోనే బేరాలు సాగే ఈ కాలంలో చట్టం ఎంతవరకు కాపు కాస్తుందన్నదే ఈనాటి విషయం.

రిజిస్టరు కాని పేరుకు కూడా మన చట్టంలో రక్షణ ఉంది. తన సరుకును ఇంకొకరి సరుకుగా నమ్మించి అమ్మేవాడిపై ‘పాసింగ్ ఆఫ్’ దావా వేయవచ్చు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 27వ సెక్షన్ ఆ హక్కును అలాగే ఉంచింది. అయితే ఆ పేరు జనంలో నాటుకుందని దావా వేసినవాడే రుజువు చేసుకోవాలి. బజారులోనైతే పదిమంది సాక్షులు దొరుకుతారు. ఫోనులో కొనేవాడు గువాహటిలో ఉండవచ్చు, డాలస్‌లో ఉండవచ్చు. అతనికి కనిపించేది పేరు, బొమ్మ మాత్రమే.

ఇంటర్నెట్ చిరునామాకు ఈ సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చిన కేసులో ఒక పక్షం తెలుగు నేలతో సంబంధమున్నదే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999లో ‘సిఫీ’తో మొదలయ్యే డొమైన్ పేర్లు తీసుకుంది. 2001లో సిఫీనెట్ సొల్యూషన్స్ అనే సంస్థ ఇంచుమించు అదే ఉచ్చారణతో, ఒక అక్షరం అదనంగా చేర్చి, మరో పేరు నమోదు చేసుకుంది. తమ అయిదుగురు వ్యవస్థాపకుల పేర్లలోని మొదటి అక్షరాలతో ఆ పేరు కూర్చామని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన ఉత్తర్వు ఇచ్చింది, కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు మళ్ళీ సత్యం ఇన్ఫోవే వైపే నిలిచింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, వ్యాపారాన్ని గుర్తుపట్టించే చిహ్నం కూడా అన్నది ఆ తీర్పు సారం.

అంత పెద్ద సంస్థే మూడు కోర్టుల మెట్లెక్కింది. చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషనే చౌక. వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. రక్షణ పదేళ్ళు, ఆపైన పునరుద్ధరించుకోవచ్చు. తరగతి ఎంచుకోవడంలోనే మెలకువ కావాలి. మదనపల్లె మార్కెట్ యార్డుకు వచ్చే పచ్చి టమోటా 31వ తరగతి, అదే టమోటా గుజ్జయితే 29, సాసయితే 30. పచ్చికాయకు మాత్రమే పేరు నమోదు చేసుకున్న రైతు సంఘం రేపు సాసు సీసా మీద అదే పేరు వేయాలంటే మరో దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక ఊరి పేరు. సరుకు ఏ ఊరిదో చెప్పడానికే పనికొచ్చే మాటను ఒక్కరి సొత్తుగా నమోదు చేయడానికి ట్రేడ్ మార్కుల చట్టం 9వ సెక్షన్ ఒప్పుకోదు. మదనపల్లె పేరు మీద గుత్తహక్కు ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. అది అందరిదీ కాబట్టి అందరూ కలిసి కాపాడుకోవలసిందే. అందుకు భౌగోళిక సూచికల చట్టం ఉంది. తిరుపతి లడ్డూ, శ్రీకాళహస్తి కలంకారీ, ధర్మవరం పట్టు, బంగినపల్లి మామిడి ఆ పట్టికలో చేరినవే.

ఆ కట్టుబాటు లేనప్పుడు ఏమవుతుందో ఒంగోలు జాతి పశువుల కథ చెబుతుంది. బ్రెజిల్‌కు చేరిన ఆ పశువులు అక్కడ ‘నెలోర్’ అయ్యాయి. నెల్లూరు పేరే అలా మారింది. ఇవాళ ఆ దేశపు మాంసం పశువుల్లో సింహభాగం నెలోర్ రక్తమే. ఆ పేరు మీద సాగే వ్యాపారంలో ఒంగోలు రైతుకు వాటా లేదు.

పుంగనూరు ఆవు ముందూ అదే ప్రమాదం ఉంది. మూడడుగుల ఎత్తున్న ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం కాపాడుతూ వస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో వీటికి మేత పెట్టిన చిత్రాలు దేశమంతా చూసింది. గిరాకీ పెరిగింది. కానీ పొట్టిగా ఉన్న దూడ ప్రతిదీ పుంగనూరు దూడ కాదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో జాతిని గుర్తిస్తుందే గాని, ఆన్‌లైన్ అమ్మకందారు చెప్పే వంశావళి నిజమో కాదో చూడదు. ఆ పనికి ట్రేడ్ మార్కుల చట్టంలోనే ధ్రువీకరణ మార్కు అనే ఏర్పాటు ఉంది: ఆ సరుకు వ్యాపారం చేయని సంస్థ ప్రమాణాలు నిర్ణయించి, వాటికి తూగినవారికే ముద్ర ఇస్తుంది. ఝాబువా కడక్‌నాథ్ కోడిమాంసానికి 2018లో భౌగోళిక సూచిక వచ్చింది. పుంగనూరు పాలకు, నెయ్యికి అలాంటి ప్రయత్నం ఎందుకు చేయకూడదు?

కుప్పం పేరు రాతి మీద ఎక్కింది. గ్రానైటు వ్యాపారంలో ‘కుప్పం గ్రీన్’ విదేశీ కొనుగోలుదారులకూ తెలిసిన రకం. మక్రానా పాలరాతికి రాజస్థాన్ సాధించుకున్న గుర్తింపు ఇక్కడివారికి దారి చూపగలదు.

కాపీరైటుకూ మదనపల్లెకూ పాత చుట్టరికం ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషు చేశారు. 1941లో కన్నుమూసిన ఆ కవి రచనలపై హక్కు యాభయ్యేళ్ళకే తీరిపోనుండగా, 1992 సవరణ గడువును అరవయ్యేళ్ళు చేసింది. మన నేతగాళ్ళకు ఈ విషయంలో తెలియవలసింది వేరే ఉంది. చీర మీది కొత్త డిజైనుకు రక్షణనిచ్చేది ప్రధానంగా 2000 నాటి డిజైన్ల చట్టం. దరఖాస్తుకు ముందే ఆ డిజైను లోకానికి వెల్లడైతే రిజిస్ట్రేషన్ దక్కదు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గం మీద కొత్త అంచు దిగగానే వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఆర్డర్లు వచ్చాక రిజిస్ట్రేషన్ సంగతి ఆలోచించడం, చేతులారా హక్కు వదులుకోవడమే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళవారూ ఇప్పుడే మొదలుపెట్టవలసిన పని ఒకటి ఉంది. భౌగోళిక సూచిక కోరేవారు ఆ సరుకుకూ ఆ ఊరికీ ఉన్న బంధాన్ని కాగితాలతో చూపాలి. ఇళ్ళలో చెదలు పడుతున్న పాత బిల్లులు, రైల్వే రసీదులు, సహకార సంఘాల పద్దులు, తేదీలున్న ఫోటోలు, ముసలివారికి గుర్తున్న డిజైన్ల వివరాలు అందుకు ఆధారాలవుతాయి. ఒక్కో ఊరిలో ఒక్కో సంఘం వీటిని పోగుచేసి, నకళ్ళు తీసి, చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీకి దరఖాస్తు సిద్ధం చేయాలి. గుర్తింపు వచ్చాక ప్రతి నేతగాడూ, ప్రతి రైతూ అధీకృత వినియోగదారుగా విడిగా పేరు నమోదు చేసుకోవాలి. ఆ రుసుమును 2020లో పది రూపాయలకు తగ్గించారు.