పెద్ద స్కౌట్లను నిలుపుకొనుట

1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో ప్రవేశము పిదప మూడు సోపానములు, రాజ్య పురస్కారము, ఆపై రాష్ట్రపతి పురస్కారము కలవు. తొలిమెట్లు పిల్లలు ఉత్సాహముతో ఎక్కుదురు. నూనూగు మీసముల వయస్సున మెల్లగా జారుకొందురు. సోమరితనమని పెద్దలందురు. మేమట్లు తలపము. పదేండ్ల బాలునితోపాటు పదునారేండ్లవానిచేతను అవే ముళ్ళు వేయించినచో విసుగు పుట్టదా?

అత్తిలివంటి కాలువల ఊరిలో వానికి తగిన పని కొదువ లేదు. నీట పడినవానికి త్రాడు విసరుట, దాని కొనకు జారని ఉచ్చు వేయుట చిన్నవారికి వానినే నేర్పనిండు. శిబిరమున వంటసరకుల లెక్కయు వానికే అప్పగింపుడు. లెక్క తప్పినను వెంటనే దిద్దబోకుడు. ఒకపూట చప్పిడిపప్పు తిన్న దళము మరునాడు ఉప్పు మరువదు!

పదవ తరగతి పరీక్షలని మాన్పించు తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: వారమునకొక సాయంకాలము వానికి విడిచిపెట్టుడు.