ఆడవాళ్ల బార్‌కి వెళ్లొచ్చాను
(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేనివాళ ఒక బార్ గురించి మాట్లాడతానంటే మన నిర్వాహకులు కాస్త తటపటాయించారు. వాళ్ల ఇబ్బంది నాకర్థమైంది. మనమంతా సారా వ్యతిరేక ఉద్యమం చెప్పిన పాఠాలతో ఎదిగినవాళ్లం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. తాగుడంటే మనకు తన్నులు, తాకట్టు పడ్డ పుస్తెలు, పొయ్యి వెలగని ఇల్లు. అలాంటి మనం బార్‌ని స్త్రీల హక్కుల విషయంగా చూడటమా? నేనూ ఆ సందేహంతోనే వెళ్లాను. వెళ్లి సోడా తాగొచ్చాను, ముందే చెప్పేస్తున్నాను.

ఆ బార్ పేరు వైల్డ్ సైడ్ వెస్ట్. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో, బెర్నాల్ హైట్స్ అనే పేటలో ఉంది. 24వ నంబరు బస్సెక్కితే ఎత్తుపల్లాలన్నీ ఎక్కిదిగి కోర్ట్‌లాండ్ అవెన్యూలో దింపుతుంది. అదేం పెద్ద బజారు కాదు. చిన్న చిన్న కొట్లు, పేట లైబ్రరీ, వాటి మధ్య ఈ బార్. లోపల పూల్ ఆట బల్ల, దాని చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లు. ఒక మూల ఇద్దరు మగవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడక్కడికి ఎవరైనా రావచ్చు. నేను ఎత్తు కుర్చీ మీద కూర్చుని అరగంట గడిపాను. నన్నెవరూ ఎగాదిగా చూడలేదు, ఎవరి కోసం ఎదురుచూస్తున్నావని అడగలేదు. పరిశోధకురాలిగా నోటుపుస్తకం తీయాలనుకున్నాను గానీ తీయలేకపోయాను. మన బస్టాండు టీకొట్టు బెంచీ మీద ఒక ఆడది ఒంటరిగా పదినిమిషాలు కూర్చుంటే ఎన్ని చూపులు లెక్కపెట్టుకోవాలో మీకు తెలుసు.

వెనక పెద్ద తోట ఉంది. చెట్ల మధ్య పాత మరుగుదొడ్డి గిన్నెలు, విరిగిన సింకులు, వాటిలో మట్టి, మొక్కలు. వాటికో కథ చెప్తారక్కడ. 1976లో బార్ ఈ పేటకు వచ్చినప్పుడు ఇరుగుపొరుగులో కొందరికి గిట్టలేదట. చెత్త, పనికిరాని సామాను, పగిలిన మరుగుదొడ్డి గిన్నెలు తెచ్చి పడేసేవారట. వీళ్లు పోలీసుల దగ్గరికి పోలేదు. ఆ రోజుల్లో ఇలాంటి ఆడవాళ్లకి పోలీసులు రక్షణ కాదు, భయం. పడేసినవన్నీ ఏరి తోటలో పేర్చి మొక్కలు నాటారు. నేను కూర్చున్న బెంచీ పక్కనే ఒక గిన్నెలోంచి ఏదో తీగ పాకుతోంది.

బార్ పెట్టింది ప్యాట్ రామ్‌సేయర్, నాన్సీ వైట్ అనే ఇద్దరు స్త్రీలు, జీవిత సహచరులు. 1962లో పక్కనున్న ఓక్లాండ్ నగరంలో మొదలుపెట్టారు. ఆ కాలపు కాలిఫోర్నియా చట్టం ఎలాంటిదో చూడండి. బార్‌లో ఆడది మందు కలిపి పోయకూడదు. లైసెన్సు తన పేర ఉండాలి, లేదా లైసెన్సున్నవాడి పెళ్లామై ఉండాలి. గ్లాసులు అందించి, నవ్వి, టిప్పు పుచ్చుకునే పని మాత్రం ఎవరైనా చేయొచ్చు. లైసెన్సున్న స్త్రీకి సహచరిగా ఉన్న స్త్రీ ఆ చట్టం లెక్కలో ఎవరూ కాదు. 1971లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వివాహిత కాని స్త్రీకి బ్యాంకు అప్పు నిరాకరించకూడదని చట్టం వచ్చింది 1974లో. అంటే వీళ్లు కొట్టు తెరిచిన 12 ఏళ్ల తర్వాత.

దీనికి ముందరి కథ ఇంకా కష్టమైనది. స్వలింగ ప్రేమికులు చేరే చోటు అన్న ఒక్క కారణంతోనే బార్ లైసెన్సు రద్దు చేసే వీలు కల్పిస్తూ 1955లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. దాన్ని 1959లో కోర్టు చెల్లదని చెప్పిన కేసు ఓక్లాండ్‌లోని ఒక లెస్బియన్ బార్‌దే. శాన్‌ఫ్రాన్సిస్కోలోనైతే తన లింగానికి తగని దుస్తులు వేసుకోవడం నేరమనే 1863 నాటి నిబంధన 1974 దాకా ఉంది. ప్యాంటు తొడుక్కుని బార్‌కి వెళ్లిన ఆడది జైలుకి పోవచ్చు. మర్నాడు పత్రికలో పేరు పడితే ఉద్యోగం ఊడేది, పిల్లలుంటే పిల్లలు పోయేవారు.

అందుకే 1955లో అదే నగరంలో డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్, మరికొందరు కలిసి డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అనే సంఘం పెట్టుకున్నారు. బార్‌కి వెళ్లకుండా, పోలీసు భయం లేకుండా నలుగురు ఆడవాళ్లు కలుసుకుని డాన్సు చేయాలని. కానీ అందరికీ కూర్చోబెట్టే ముందు గది ఉండదు కదా. బఫెలో నగరంలోని కార్మికవర్గ లెస్బియన్ల జీవితాన్ని వాళ్ల మాటల్లోనే సేకరించి ఎలిజబెత్ కెనెడీ, మాడలిన్ డేవిస్ 1993లో పుస్తకంగా తెచ్చారు. ఫ్యాక్టరీలో పనిచేసి అద్దెగదిలో ఉండే మనిషికి తనలాంటి మనిషి కనిపించే చోటు బార్ ఒక్కటే అని అందులో స్పష్టంగా తెలుస్తుంది. తాగుడు చేసిన చేటు కూడా ఆ జీవితాల్లో ఉంది. దాన్ని నేను దాచను. తాగుడు లేని చోటు కావాలనే 1970లలో అక్కడి స్త్రీవాదులు కాఫీ హోటళ్లు, పుస్తకాల షాపులు పెట్టారు. వాటిలో చాలావరకు మూతపడ్డాయి.

బార్లూ మూతపడ్డాయి. 1966లో మొదలైన మాడ్స్ 1989లో మూసేశారు. మిషన్ పేటలో 1997లో తెరిచిన లెక్సింగ్టన్ క్లబ్ 2015లో పోయింది. అద్దెలు పెరిగాయి, అక్కడికి వచ్చే ఆడవాళ్లే ఆ పేటలో బతకలేక దూరం వెళ్లిపోయారు. 1980లలో అమెరికా మొత్తమ్మీద దాదాపు 200 లెస్బియన్ బార్లు ఉండేవని, 2020 నాటికి సుమారు 20 మిగిలాయని ఈ విషయంమీద డాక్యుమెంటరీ తీసినవాళ్లు చెప్పారు. సహనం పెరిగింది, ఫోన్లొచ్చాయి, ఇక వేరే చోటెందుకని కొందరంటారు. నాకు ఆ వాదన సగమే నిజమనిపిస్తుంది. మగవాళ్ల కంటే తక్కువ జీతం వచ్చే ఆడవాళ్ల డబ్బుతో నడిచే కొట్టు పెరిగిన అద్దెను ఎన్నాళ్లు తట్టుకుంటుంది? మన మహిళా సంఘాల ఆఫీసులు ఎన్నిసార్లు ఇల్లు మారాయో గుర్తు తెచ్చుకోండి.

తోటలో కూర్చున్నప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. 2004లో, చదువు పూర్తయిన కొత్తలో, నేనొక కౌన్సెలింగ్ కేంద్రంలో పని చేశాను. ఒకమ్మాయి వచ్చింది. ఇంట్లో పెళ్లి కుదిర్చారు, చేసుకోను, నా స్నేహితురాలితో ఉంటాను అంది. ‘స్నేహితురాలు’ అన్నప్పుడు నా మొహం చూసింది. నాకర్థమైంది, అర్థం కానట్టు కూర్చున్నాను. రిజిస్టరులో ‘కుటుంబ తగాదా’ అని రాశాను. అమ్మానాన్నల్ని పిలిపించి మాట్లాడదామమ్మా అన్నాను. ఆ అమ్మాయి మంచినీళ్లడిగి తాగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమెను పంపడానికి ఆ రోజు నాకు తెలిసిన చోటు ఒక్కటీ లేదు. కానీ కూర్చోబెట్టి వినడానికి చోటు అవసరం లేదు కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో ఆ నేరాన్ని ఎత్తేసింది. 2023లో పెళ్లి హక్కు ఇవ్వలేమంది. ఆ రెండు తీర్పుల మధ్య మన జిల్లాల్లో ఇద్దరాడపిల్లలు ఇల్లు వదిలితే ఏమవుతోంది? తల్లిదండ్రులు తప్పిపోయిందని కేసు పెడతారు, పోలీసులు వెతికి తెచ్చి అప్పజెబుతారు. మేజరైన మనిషి తన ఇష్టప్రకారం ఉండొచ్చని స్టేషన్లో గట్టిగా చెప్పేవాళ్లు కావాలి. కులాంతర వివాహాల కేసుల్లో ఆ పని మనం ఎన్నోసార్లు చేశాం, కొత్తేం కాదు.

నేను బార్ పెట్టమనడం లేదు, కంగారు పడకండి. భోజనాల తర్వాత మనం మూడు విషయాలు తేల్చుకోవాలి. మన జిల్లాలోని హాస్టళ్లు, వసతిగృహాల్లో అమ్మానాన్నల సంతకం అడగకుండా పది రోజులు ఉంచుకునేవి ఏవి? రాత్రి పదింటికి ఫోనొస్తే స్టేషనుకి ఎవరు వెళ్తారు? మన కేసు రిజిస్టరులో ఇలాంటి మనిషి వచ్చినప్పుడు ఏం రాయాలి, ఎవరికీ తెలియకూడదంటే ఆ పేజీ ఎవరి దగ్గర ఉండాలి? ఈ చివరి ప్రశ్నతోనే మొదలుపెడదామని నా ప్రతిపాదన.