తెరమీది మనుష్యుడు



నేటి ప్రసంగమునకు నేను బూనుకొన్న విషయము క్రొత్తదివలె దోచును గాని, కొంత దూరము పోయిన పిమ్మట అది మన యూరి రచ్చబండ కడనే తేలును. సెల్‌ఫోనులలో, వాట్సాపు, ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము మొదలైన తావులలో మనుష్యులు తమ రూపమును, తమ పేరును, తమ గౌరవమును ఏ విధముగా దీర్చిదిద్దుకొని లోకమునకు జూపుచున్నారో, దానివలన మన యిండ్లలో నేమి జరుగుచున్నదో విన్నవింప దలచితిని. ముప్పదియేండ్లకు బైగా పాఠశాలలో తెలుగు పండితుడనై పిల్లలకు ఛందస్సును అలంకారములను జెప్పినవాడను గావున నా చూపు ఆ శాస్త్రముల గుండానే పోవును. మన్నింతురు గాక.

లోకమునకు గనబడ దలచిన మూర్తిని దామే యేర్పఱచుకొనుట ఫోనుతో బుట్టిన విద్య కాదు. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు తిరుమల ఆలయములో తన యిరువురు దేవులతో గూడ లోహప్రతిమయై నిలిచియున్నాడు. చేత ఖడ్గము లేదు. రెండు చేతులు జోడించియున్నవి. అన్ని యుద్ధములు గెలిచిన ప్రభువు అచ్చటికి వచ్చెడి యాత్రికులకు దాను భక్తుడుగా గనబడవలెనని కోరెను. ఆ కోరిక యబద్ధమని నే ననను. ఆయన భక్తుడే. కాని తనకు గల యనేకరూపములలో నొకదానిని ఎన్నుకొని నిలుపుట యనునది అచ్చట జరిగినది. నేటి పిల్లవాడు డీపీ యని పిలిచెడి బొమ్మను బెట్టుకొనునపుడు చేయుపనియు నిదియే. పది ఫోటోలు తీసికొని, తొమ్మిదింటిని దుడిచివేసి, పదియవదానిని నిలుపును.

భేదమెక్కడ ననగా, రాయలు ఒక్క మాఱు నిలిచిన చాలును. పిల్లవానికి నిత్యము నిలువవలసియున్నది. 2017లో వాట్సాపువారు స్టేటసు అను దానిని ఇప్పటి రూపమున బెట్టిరి. అందుంచిన బొమ్మ యిరువదినాలుగు గంటలుండి తనంతట తానే మాయమగును. ఎవరెవరు చూచిరో సాధారణముగా బెట్టినవానికి దెలియును. ఇది మన ముంగిట ముగ్గువంటిది. నిన్న వేసిన ముగ్గు నేటికి బనికిరాదు. ముగ్గు లేని ముంగిలిని జూచి, ఆ యింట తద్దినమో, మఱి యే యశుభమో యని మనము గ్రహింతుము గదా! అట్లే నాలుగు దినములు స్టేటసు పెట్టనివానిని గూర్చి స్నేహితులు గుసగుసలాడుదురు.

భరతముని నాట్యశాస్త్రమున అభినయము నాలుగు విధములని చెప్పబడినది: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. ఫోనులో ఆహార్యమునకు లోటు లేదు. చొక్కా, కళ్లద్దములు, వెనుకనున్న మేడ అన్నియు నాహార్యమే. పేరు క్రింద వ్రాసికొనెడి పంక్తి వాచికము. కన్ను గీటుటకు, తల యూపుటకు బదులుగా పసుపుపచ్చని గుండ్రని మొగముల బొమ్మలున్నవి. వీనికి 2010లో యూనికోడు అను ప్రపంచ లిపిపట్టికలోనే స్థానము లభించినది. లేనిది సాత్త్వికము. చెమట పట్టుట, గగుర్పాటు, గొంతు బొంగురుపోవుట, మొగము వెలవెలబోవుట, కంట నీరు దొరలుట—ఇవి మనసు కలగిన గాని పుట్టవని శాస్త్రకారుల యాశయము. ఏడ్చెడి మొగము బొమ్మను వ్రేలితో నొక్కుటకు కంట నీ రక్కఱలేదు. ఎవరో చనిపోయిరని వ్రాసిన చోట నూఱు ఏడ్పు మొగములుండును. ఇంటిముందు కుర్చీలో నలుగురుందురు. ఆ నలుగురే వేఱు.

కృష్ణాజిల్లా కూచిపూడి భాగవతులు ప్రదర్శించెడి భామాకలాపమును మీలో పెద్దలు చూచియే యుందురు. సత్యభామ తొలుత తెర వెనుక నుండియే తన జడను తెరమీదుగా వేసి చూపును. జడ కనబడిన పిదపనే భామ కనబడును. తా నెవరో, తన సౌభాగ్య మెట్టిదో తానే చెప్పుకొనును. వేషము గట్టినది పురుషుడని యూరందఱు నెఱుగుదురు, ఎఱిగియే యానందింతురు. ఫోనులో మొదట గనబడునది జడయే. కొందఱి విషయమున భామ యెన్నడును రాదు. మనము జడనే భామ యనుకొని కాలము గడుపుచుందుము.

కెనడాదేశమున బుట్టిన గాఫ్‌మన్ అను సాంఘికశాస్త్రవేత్త 1956లో నొక గ్రంథము ప్రకటించెను. ఆయన స్కాట్లండునకు ఉత్తరమున సముద్రములోనున్న షెట్లండు దీవులలో రైతుల నడుమ నివసించి, అచ్చటి పూటకూటి యింటిని గమనించెను. అతిథులు భుజించెడి గదిలో పనివారి నడవడి యొకటి. వంటయింటి తలుపు దాటగానే వేఱొకటి. మనుష్యుని నిత్యజీవనమునందంతటను ఇట్టి ముందుభాగము, వెనుకభాగము నున్నవని యాయన సిద్ధాంతము. మన నాటకపరిభాషలో రంగస్థలము, నేపథ్యము అందుము. ఈ మాట మనకు వింత కాదు. వీధి యరుగుమీద మన మాట యొకటి, పెరటిలో నొకటి.

అయితే యరుగుమీద నున్నపుడు ఎదుట ఎవరున్నారో చూచుకొని మాటాడుదుము. మేనమామ ముందు ఒక తీరు, తోడి యీడువారి ముందు మఱియొక తీరు. ఫోనులోనో మేనమామ, పని యిచ్చిన యజమాని, తోడి చదువరి, రేపు పిల్లను జూడ రానున్నవారు అందఱు నొక్క పందిరిక్రిందనే కూర్చుండి చూచుచుందురు. ఇందఱిని మెప్పించెడి మొగ మెవని కుండును? అందుచేత పిల్లలు ఒక యుపాయము పట్టిరి. స్టేటసును ఫలానావారికి దప్ప తక్కినవారికి జూపుమను మీట యొకటి యందు గలదు. ఆ ‘తప్ప’ యను జాబితాలో తఱచుగా నుండువారము మనమే! నాకు దీనిమీద గోపము లేదు. చుట్టను చాటుగా బట్టుకొని పెరటిలోనికి బోయిన తరమువారికి మనుమలను దప్పుపట్టెడి యధికార మెక్కడిది?

ఇక బిరుదుల మాట. విజయనగర ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథుడు గౌడడిండిమభట్టును వాదమున గెలిచి, ఆతని కంచుఢక్కను బగులగొట్టించి, కనకాభిషేకము పొందెనని ప్రసిద్ధి. ఆ ఢక్క యుత్త వాద్యము కాదు, బిరుదుచిహ్నము. ఓడినవాడు దానిని మ్రోయింపరాదు. ట్విట్టరు అను తావున 2009 మొదలు కొందఱి పేర్ల ప్రక్కన నీలవర్ణపు గుఱుతు నొకదానిని ఉంచుచు వచ్చిరి. ఈ పేరుగలవాడు నిజముగా వీడే యని విచారించితి మనుట దాని యర్థము. 2022 అక్టోబరులో ఆ సంస్థ చేతులు మాఱెను. మరుసటి నెలలో నెలకు ఎనిమిది డాలర్లు చెల్లించినవారికి ఆ గుఱుతు నిచ్చుట మొదలుపెట్టిరి. వెంటనే యేమైనదనుకొన్నారు? ఎలై లిల్లీ అను అమెరికా మందుల కంపెనీ పేరు తగిలించుకొని, కొన్న గుఱుతును బెట్టుకొని, ఇకమీదట ఇన్సులిను ఉచితమని యెవరో ప్రకటించిరి. మధుమేహమునకు ఇన్సులిను పొడిపించుకొనెడివారు మన యూళ్లలోను గలరు. ఆ మాట చెవినబడిన రోగి గుండె యెట్లు కొట్టుకొనునో తలచుకొనుడు. అది తమ మాట కాదని ఆ కంపెనీవారు క్షమాపణము చెప్పుకొనవలసివచ్చెను. ఢక్క అంగడిలో దొరకునపుడు డిండిమభట్టులకు గొదువ యుండదు. మన పట్టణములలోను శాలువకు, బిరుదునకు వెల చెప్పెడి సంఘములు గలవు గాని వానిమాట యిప్పుడు వలదు.

ఆహార్యమును నమ్మి సొమ్ము పోగొట్టుకొనువారిలో మన వయసువారే పెక్కురు గావున ఇంకొకటి చెప్పవలెను. ఫోనులో బొమ్మతో గూడ మాటాడుచు, పోలీసు దుస్తులు తొడిగి, వెనుక ఠాణావలె గోడ యలంకరించి, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమని బెదరించి డబ్బు గుంజుచున్నారు. అట్టి యరెస్టు చట్టములో లేనే లేదని ప్రధానమంత్రి నరేంద్రమోదీగారు 2024 అక్టోబరు 27వ తేదీన, మన్ కీ బాత్ అను ఆకాశవాణి ప్రసంగములోనే చెప్పియున్నారు. ఇట్టి మోసముల మీద ఫిర్యాదు చేయవలసిన టెలిఫోను సంఖ్య 1930. ఫోను పెట్టెడి గూటి ప్రక్కన గోడమీద వ్రాసియుంచుడు.

ఇంతవఱకు పిల్లలను, మోసగాండ్రను గూర్చి చెప్పితిని. చూచెడివారము మనము. మన చూపునకు గూడ నిందు బాలు గలదు. పెండ్లిమాట రాగానే పిల్లవాని ఊరికి బోయి నలుగురిని విచారించుట మన పెద్దలు నేర్పిన పద్ధతి. ఇప్పుడు మనుమని బిలిచి, ‘వాళ్ల ఫోటోలేవో చూడరా’ యనుచున్నాము.

నాకు బాగుగా దెలిసిన యొక కుటుంబము గలదు. తండ్రి కౌలురైతు. కుమారుడు నా కడ చదివినవాడు. పద్యము చక్కగా జదివెడివాడు. కొన్నియేండ్ల క్రిందట దుబాయికి బోయెను. వాని వాట్సాపులో నొక తెల్లని కారునకు జేరగిలబడి, నల్లకళ్లద్దములతో నిలిచిన బొమ్మ యుండెను. దూరమున బుర్జ్ ఖలీఫా యను మేడ దీపములతో వెలుగుచుండెను. ఆ బొమ్మను వాని తండ్రి ఊరిలో అందఱకు జూపెను. చూపుట తప్పా? కొడుకును గూర్చి చూపుకొనుటకు ఆయనకు మఱేమియు లేదు.

ఆ పిల్లవాని చెల్లెలికి సంబంధము వచ్చెను. 1961 నుండి చట్టము నిషేధించిన కట్నమును మనవారు మానలేదని మీకు దెలియును. తొలుత రెండు లక్షలని మాట యైనది. పిమ్మట మగపెండ్లివారిలో నెవరో ఆ తెల్లకారు బొమ్మను జూచిరి. అన్న యట్లుండగా చెల్లెలికి రెండు లక్షలేమని, ఆరు లక్షలును మోటారు సైకిలును అడిగిరి. కాదనుటకు తండ్రికి నోరు రాలేదు. కాదన్నచో ఇన్నాళ్లు తాను చూపిన బొమ్మ కల్ల యని యొప్పుకొన్నట్లగును. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు దెచ్చెను.

ఆ దినములలో నే నా పిల్లవానితో ఫోనులో మాటాడితిని. వాడు కట్టడములకు పరంజా కట్టెడి పని చేయుచున్నాడు. గదిలో ఎనమండుగురు, ఒకరిమీద నొకరుగా మంచములు. తెల్లవాఱకముందే కంపెనీ బస్సు ఎక్కవలెను. ఆ కారు ఎవరిదో వానికే తెలియదు. రోడ్డు ప్రక్క నిలిచియుండెను. ఇంటికి బంపెడి సొమ్ములో ఒక్క నెలయు దప్పలేదు. ఆ సంగతి యే బొమ్మలోను లేదు.

ఆ కారు బొమ్మను దీసివేసి, నీ పనిబట్టలతో నున్న బొమ్మను బెట్టరాదా యని యడిగితిని. వాడు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, ‘తీసేస్తే ఉద్యోగం పోయిందా అని ఊళ్లో మా నాన్నని అడుగుతారు, మాస్టారూ’ అనెను.

పెండ్లి జరిగినది. అప్పులో సగము తీరినది. నిన్న రాత్రి ఈ ప్రసంగము వ్రాసికొనుచు నొకమాఱు వాని పేరు దెరచి చూచితిని. తెల్లకారు అట్లే యున్నది.