నిప్పు లేని కొలిమి



ఇంగ్లండులో ఒక కమ్మరి ఇంట 1791లో జన్మించిన మైకేల్ ఫారడే బడిలో చదివినది స్వల్పం. పుస్తకాలు కుట్టే అంగడిలో పనికి చేరి, అక్కడికి వచ్చిన గ్రంథాలనే గురువులుగా భావించి విద్య గడించాడు. 1819లో ఆయన భారతదేశపు ఉక్కును విశ్లేషించి వ్యాసం ప్రకటించాడు. ఐరోపా వారు 'వూట్జ్' అని పిలిచిన ఆ ఉక్కుకు పేరుపొందిన స్థలాలలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. 1831లో ఆయనే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. నేడు కత్తులకు పానం పెట్టే పనిలో కొన్నిచోట్ల కొలిమికి బదులు నిలిచినది ఆ సూత్రమే.

రాగి గొట్టాన్ని చుట్లుగా మలచి, సెకనుకు వేలసార్లు దిశ మారే విద్యుత్తును అందులో ప్రవహింపజేస్తారు. గొట్టం కాగిపోకుండా లోపల నీరు పారుతూ ఉంటుంది. చుట్ల నడుమ ఉంచిన కత్తి రాగిని తాకదు, మంట ఉండదు. అయినా మారుతున్న అయస్కాంత క్షేత్రం ఉక్కులోనే సుడి ప్రవాహాలను పుట్టించగా, కత్తి క్షణాలలో ఎర్రబడుతుంది. వంటింటి ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె కాగేదీ ఈ విధంగానే.

వేగమే ఇందులోని లాభం, వేగమే ప్రమాదం. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉక్కును అయస్కాంతం ఆకర్షించదు. మామూలు కర్బనపు ఉక్కును అంతకు కొంత పైగా, 800 డిగ్రీల ప్రాంతానికి తెచ్చి వెంటనే తగిన నూనెలో ముంచాలి. కత్తి వెన్ను మందం, అంచు పలుచన, మొన సన్నం. చుట్టు అమరిక కుదరకుంటే వెన్ను కాగేలోగా మొన మాడవచ్చు. కాక మితిమీరితే ఉక్కులోని రేణువులు పెరిగి అంచు పెళుసవుతుంది, చాలకుంటే గట్టిపడదు. అందుచేత పనివాడు కత్తిని చుట్ల మధ్య నిలకడగా కదుపుతూ రంగు గమనిస్తాడు, అయస్కాంతంతో పరీక్షిస్తాడు. యంత్రం కాక ఇస్తుంది; నిర్ణయం మాత్రం మనిషిదే.

ముంచి తీసిన కత్తి గట్టిదే, కాని గాజువలె పెళుసు. దానిని 200 డిగ్రీల ప్రాంతంలో గంటా రెండు గంటలు మళ్ళీ కాచాలి. మొదటి కాకకు క్షణాలు చాలును. రెండవ కాకకు ఓర్పు కావాలి.

కొలిమి ముందు జీవితం గడిపిన వృద్ధునికి ఆ ఎరుపు తెలుసు. తరగతి గదిలోని బాలునికి సూత్రం తెలుసు. ఒకరి విద్య మరొకరికి చేరకపోతే నష్టం ఇద్దరిదీ. చేతిపని చదువురానివారిదని బిడ్డలకు నేర్పరాదు. పరరాష్ట్రంలో డెబ్బది ఐదేండ్లు నిలిచిన తెలుగు బడికి ఇక్కడొక బాధ్యత ఉన్నది. పానం, కాక, పెళుసు అనే మాటలే ఎరుగని బిడ్డ ఆ తాతను ఏమని అడుగుతాడు? ఆ తాత ఏ భాషలో చెబుతాడు?

విద్యార్థులకు శుభమస్తు.