పరదేశమున మన మార్కా

మన ప్రాంతమునుండి ఆవకాయయు, గోంగూర పచ్చడియు, కారపుపొడులును, మిఠాయిలును సముద్రములు దాటి పోవుచున్నవి. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను, గల్ఫు దేశములందును నివసించు తెలుగువారు సీసాపైనున్న పేరును, బొమ్మను చూచి ఇది ఫలానావారి సరుకని గుర్తించి కొనుచున్నారు. ఆ పేరును, ఆ బొమ్మయును కలిసి వ్యాపారచిహ్నము, వాడుకలో ట్రేడ్‌మార్కు. అది పరదేశమున ఎవరిది కాగలదను ప్రశ్ననుగూర్చి మేము నేడు కొంత మనవి చేయదలచితిమి.

శ్రోతలు మొదట గ్రహింపవలసిన దొక్కటి: ఈ హక్కు ఏ దేశమున కా దేశమే. మన 1999 నాటి చట్టముక్రింద రిజిస్టరైన పేరునకు రక్షణ మన పొలిమేరవరకే కలదు. ఆవల దానిని వేరొకరు తమదిగా వ్రాయించుకొనియున్నచో, అసలైన మన సరుకే అచ్చట నకిలీగా నిలువవచ్చును.

పెద్ద సంస్థలకును ఈ చిక్కు తప్పలేదు. టొయోటావారు ప్రియస్ అను కారును 1997లో జపానులో విడుదల చేసిరి. మన దేశమున ఆ పేరును 2002లో మోటారు విడిభాగముల సంస్థ యొకటి రిజిస్టరు చేయించుకొనెను. టొయోటావారు న్యాయస్థానమున కెక్కిరి. కాని 2001 నాటికే ఆ కారు కీర్తి భారతదేశమున వ్యాపించెననుటకు చాలిన సాక్ష్యము లేదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇట్లే ఆపిల్ సంస్థ ఐప్యాడ్ అను పేరును ఒక తైవాను కంపెనీనుండి కొనెను. చైనా రిజిస్టరులో మాత్రము ఆ పేరు దాని అనుబంధ సంస్థయగు షెన్‌జెన్ కంపెనీ పేర నుండెను. తుదకు 2012లో 6 కోట్ల డాలర్లిచ్చి రాజీపడవలసివచ్చెను.

చైనావంటి దేశములందు ముందుగా దరఖాస్తు పెట్టినవారిదే పైచేయి. అమెరికాలో పేరును ముందుగా వాడినవారి హక్కునకు బలమెక్కువ. కావున సరుకు ఓడ ఎక్కకముందే ఆ దేశపు రిజిస్టరును వెదకించి, దరఖాస్తు పెట్టుట క్షేమము.

దీనికి రెండు మార్గములు కలవు. ఆయా దేశపు కార్యాలయమున నేరుగా దరఖాస్తు చేయుట మొదటిది. పారిస్ ఒడంబడిక ననుసరించి, మన దేశమున మొదట దరఖాస్తు పెట్టిన 6 నెలలలోపల అచ్చటను పెట్టినచో, మొదటి తేదీయే లెక్కకు వచ్చును. రెండవది మాడ్రిడ్ పద్ధతి. భారతదేశము 2013లో ఇందు చేరినది. మన రిజిస్ట్రీద్వారా పంపు ఒక్క దరఖాస్తులోనే పలుదేశములను కోరవచ్చును. అయినను ప్రతి దేశమును తన చట్టము ప్రకారమే పరిశీలించును, నిరాకరింపనువచ్చును. మొదటి 5 సంవత్సరములలో ఇచ్చటి మూలము చెడినచో, దానిపై నిలిచిన అంతర్జాతీయ రిజిస్ట్రేషనును చెడును. కనుక ఇల్లు చక్కబెట్టుకొనియే పొరుగునకు పోవలెను.

మరియొక ముప్పు దగ్గరివారివలననే రావచ్చును. అచ్చట సరుకు దింపుకొను వర్తకుడు, ‘ఆ ఖర్చు మేమే భరింతుము’ అని పేరును తనదిగా వ్రాయించుకొనవచ్చును. స్నేహమున్నన్నాళ్లు బాధలేదు, బేరము చెడిననాడు మన పేరుతో మనమే అమ్ముకొనలేని స్థితి కలుగును. పారిస్ ఒడంబడికలో దీనికి విరుగుడు లేకపోలేదు. కాని పరదేశమున వ్యాజ్యము నడపుట చిన్న వ్యాపారికి శక్తికి మించిన పని. అందుచేత దరఖాస్తు స్వంత పేరనే ఉండవలెను. చిహ్నము ఎవరిదో ఒప్పందపత్రములో స్పష్టముగా వ్రాయించుకొనవలెను.

రిజిస్టరైనంతనే పని ముగియదు. వాడని చిహ్నమును రద్దుచేయించు వీలు అనేక దేశములందు కలదు. చైనాలో వరుసగా 3 సంవత్సరములు వాడకున్నచో ఎవరైనను రద్దు కోరవచ్చును. మాడ్రిడ్ రిజిస్ట్రేషనును 10 సంవత్సరముల కొకమారు పునరుద్ధరింపవలెను. బిల్లులు, ప్రకటనలు, సీసాలపై అంటించు కాగితములు తేదీలతో భద్రపరచుకొన్నచో అవియే రేపు సాక్ష్యము.

అన్ని దేశములందును ఒక్కసారే వ్రాయించుట చిన్న వ్యాపారికి భారము. సరుకు పోవుచున్న దేశము, రెండుమూడేండ్లలో పోనున్న దేశము, ఇవి మొదట చాలును. ఇంటి వంటగదిలో ఏండ్ల తరబడి శ్రమించి సంపాదించిన నమ్మకమంతయు ఆ చిన్న పేరుననే యున్నది. సరుకును భద్రముగా మూటగట్టి పంపువారు, పేరునుకూడ అంత భద్రముగానే పంపవలెనని మా మనవి.