స్నిగ్ధత: ఆముదం జాడీ నుంచి ఆకాశం దాకా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మెకానికల్ ఇంజినీరును. ఇన్నేళ్లుగా నా పనంతా ఆయిళ్లు, బేరింగులు, పంపులతోనే. ఖగోళశాస్త్రం నా వృత్తి కాదు. అయితే స్నిగ్ధత అనే మాట ఎక్కడ కనబడినా ఆగి చదువుతాను. విశ్వం పుట్టుక గురించిన పుస్తకంలో అది కనబడితే ఆగకుండా ఎలా ఉంటాను?

మన ల్యాబులో పొడవాటి గాజు జాడీలో ఆముదం పోసి, సైకిల్ బేరింగు గోళీలు వదిలి, అవి అడుక్కి చేరే సమయం లెక్కపెట్టేవాళ్లం, గుర్తుందా? "వేడి చేస్తే ఆముదం జారుడవుతుంది. మరి గాలి?" అని సార్ అడిగారు. "అదీ అంతే సార్" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. తప్పు. వేడెక్కితే వాయువు స్నిగ్ధత పెరుగుతుంది. ద్రవంలో జిగురు అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల వస్తుంది. వాయువులో అలా కాదు. వేగంగా పోతున్న పొరలోని అణువులు పక్కనున్న నెమ్మది పొరలోకి దూకి, తమ వేగాన్ని అక్కడికి మోసుకెళతాయి. తొలి విశ్వంలో ఈ మోత పని చేసినవి న్యూట్రినోలు, కాంతి కణాలు.

1965లో పెంజియాస్, విల్సన్ ఆకాశమంతా నిండి ఉన్న సూక్ష్మతరంగ వికిరణాన్ని కనుగొన్నారు. ఎటు చూసినా దాదాపు ఒకే ఉష్ణోగ్రత, సుమారు 2.7 కెల్విన్. ఇంత సమంగా ఎలా ఉంది? 1968లో చార్లెస్ మిస్నర్ ఒక జవాబు చెప్పారు. మొదట్లో విశ్వం ఒక దిక్కున వేగంగా, మరో దిక్కున నెమ్మదిగా వ్యాకోచించి ఉండవచ్చు, ఆ తేడాను న్యూట్రినోల స్నిగ్ధత అరగదీసి ఉంటుంది అని. షాక్ అబ్జార్బరు కుదుపును మింగినట్టు! నాలాంటివాడికి ఇంతకంటే ముద్దొచ్చే ఆలోచన ఉండదు. కానీ అది నిలబడలేదు. మొదటి వంకర మరీ పెద్దదైతే స్నిగ్ధత దాన్ని సరిచేయలేదని తర్వాతివారు లెక్కగట్టి చూపారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే జవాబు ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం (మన కూరగాయల ధరలది కాదు లెండి).

అదే 1968లో జోసెఫ్ సిల్క్ చేసిన లెక్క మాత్రం నిలిచింది. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్లు వచ్చేదాకా కాంతి, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కలిసి ఒకే ద్రవంలా ఉండేవి. అందులో ధ్వని తరంగాలు నడిచేవి. కాంతి కణాలు ఎలక్ట్రాన్లకు తగిలి తూలుతూ, దట్టమైన చోటి నుంచి పలచని చోటికి జారుకునేవి. దాంతో పెద్ద అలలు మిగిలి, చిన్నవి చెరిగిపోయాయి. 2009లో ప్రయోగించిన ప్లాంక్ ఉపగ్రహం కొలతల్లో, చిన్న కోణాల వైపు పోయేకొద్దీ అలల బలం ఈ లెక్క ప్రకారమే పడిపోయింది.

ఇక్కడే అసలు చిక్కు. గెలాక్సీలు కట్టడానికి కావలసిన చిన్న గడ్డలు కూడా ఆ చెరిగినవాటిలో ఉన్నాయి. మామూలు పదార్థం ఒక్కటే ఉంటే మన పాలపుంత ఎలా పుట్టిందో చెప్పడం కష్టమయ్యేది. కృష్ణ పదార్థానికి కాంతితో పని లేదు కాబట్టి ఈ అరుగుదల దాన్ని తాకలేదు. దాని గడ్డలు అలాగే నిలిచాయి. తర్వాత మామూలు పదార్థం వాటిలోకి జారిపడింది.

ఇంకా వెనక్కి, మొదటి కొన్ని మైక్రోసెకన్లకు పోతే కథ మళ్లీ తిరగబడుతుంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో బంగారు కేంద్రకాలను ఢీకొట్టి ఆనాటి పదార్థాన్ని తయారుచేశారు. వాయువులా ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే దాదాపు స్నిగ్ధతే లేని ద్రవం అని 2005లో ప్రకటించారు. అంటే, సార్, అక్కడ మీరడిగిన ప్రశ్నకు పెద్ద శాస్త్రవేత్తలు కూడా మా క్లాసులాగే తడబడ్డారన్నమాట.

ఆ గాజు జాడీ ఇంకా ల్యాబులోనే ఉందట. భోజనాలయ్యాక ఒకసారి చూసొద్దాం, రండి.