సూదిమొనతో వ్రాసిన అక్షరములు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత సంవత్సరము ఉగాది సభలో ఇదే వేదికపై నేను మీకొక పాత జర్మను గుడ్డను చూపితిని. అది 1694వ సంవత్సరమున ఒక జర్మను బాలిక కుట్టినదనియు, అందలి నీలిరంగు మన కోరమండల తీరమునుండి ఓడలపై పోయిన నీలిమందు రంగేననియు చెప్పితిని. మీరందరును సంతోషముతో చప్పట్లు చరచితిరి. నేను చెప్పిన ఆ రెండు మాటలలో మొదటిది తప్పు. రెండవది నిరూపింప శక్యము కానిది. కార్యాలయమున ఒక ఉత్తరువులో తప్పు దొర్లినచో సవరణ పత్రము వెలువరించుట మనకందరకు అలవాటే. నేటి నా ప్రసంగము అట్టి సవరణ పత్రమే. అయితే సవరణ పత్రము రెండు వాక్యములలో ముగియును. ఇది కొంత దీర్ఘమైనది. మన్నింపుడు.

క్రొత్తగా వచ్చినవారి కొఱకు మొదటినుండి చెప్పెదను. ఆరేండ్ల క్రిందట నన్ను శిక్షణ నిమిత్తము జర్మనీకి పంపిరి. ఒక ఆదివారమునాడు పాతసామానుల సంతలో తిరుగుచుండగా, ఆగిపోయిన గడియారములకును పింగాణీ పళ్ళెములకును నడుమ, అద్దపు చట్రములో ఈ గుడ్డ కనబడినది. అవిసెనారతో నేసిన లినెను గుడ్డ; మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు. పట్టుదారముతో లెక్కపెట్టి వేసిన క్రాసు కుట్టు. పైన అక్షరమాల, దాని క్రింద అంకెలు. నడుమ చెట్టున కిరువైపుల ఆదాము, హవ్వ. ఇద్దరు మనుష్యులు కర్రపై పెద్ద ద్రాక్షగుత్తిని మోసికొని పోవుచున్న బొమ్మ యొకటి. వారు కనాను దేశమును చూచి రమ్మని మోషే పంపిన వేగులవారు. కుండీలో పూలమొక్క, ఒక నెమలి. అడుగున చిన్న పూదండలో ఎ. ఎం. హెచ్. అను మూడక్షరములు, వాని క్రింద సంవత్సరము.

నూరెంబర్గులో గొప్పింటి కన్య కుట్టినదని అమ్మినవాడు చెప్పెను. నేను భత్యములో మిగుల్చుకొన్న సొమ్మంతయు అతని చేతిలో పెట్టితిని. ఇంటికి తెచ్చి విప్పగనే నా భార్య చూచి, "ఎవరండీ ఈ పిల్ల?" అని అడిగెను. గుడ్డ ఎంత అందముగా నున్నదని గాని, ఎంతకు కొన్నారని గాని కాదు. ఆ ప్రశ్నయే నన్ను నేటివరకు వదలలేదు.

ఇట్టి గుడ్డను జర్మను భాషలో ముస్టర్‌టూఖ్ అందురు. నమూనాల గుడ్డ యని అర్థము. అచ్చుపుస్తకములు లేనినాడు కుట్టుపని చేయువారికి ఇదియే నోటుపుస్తకము. ఎక్కడనైన మంచి పూవో, అంచో కనబడినచో ఒక మూల కుట్టుకొని దాచుకొందురు. పదునారవ శతాబ్దపు తొలిభాగమున, 1520ల ప్రాంతమున, ఆగ్స్‌బర్గు నగరమున షోన్‌స్పెర్గర్ అను ముద్రాపకుడు కుట్టు నమూనాలను పుస్తకముగా అచ్చువేసెను. 1527లో కొలోను నగరమున పీటర్ క్వెంటెల్ అను నాతడు మఱియొకటి వేసెను. 1597లో నూరెంబర్గున యోహాన్ సీబ్‌మాఖర్ అను చెక్కడపు పనివాడు ప్రకటించిన పుస్తకము మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. అందులోని నమూనాలు గళ్ళలో నున్నవి. ఒక గడికి ఒక కుట్టు. అక్షరము రానివారు సైతము లెక్కించి కుట్టవచ్చును. మన ఇండ్లలో మేటీ గుడ్డపై చిలుకల జంటను, "స్వాగతం" అను మాటను గళ్ళ కాగితము చూచి కుట్టిన మీ తల్లులను తలచుకొనుడు. ఆ పద్ధతి యిదియే. 1804 మొదలు బెర్లినులో ఇట్టి గళ్ళ కాగితములకు చేతితో రంగులు వేసి అమ్మసాగిరి; తరువాత అవి దేశదేశములకు పోయినవి.

ఆ తొలి పుస్తకముల ప్రతులు నేడు మిగిలినవి బహు కొద్ది. ఏలయన వానిని చదివి బీరువాలో పెట్టినవారు లేరు. నమూనాను గుడ్డమీదికి దింపుటకు సూదితో కాగితమునకే రంధ్రములు పొడిచిరి, పుటలు చింపి పంచుకొనిరి. పనికివచ్చిన పుస్తకము గనుక నశించినది.

నూరెంబర్గు మాట వచ్చినది గనుక ఒక స్త్రీని గూర్చి చెప్పక ముందుకు పోలేను. మరియా సిబిల్లా మేరియన్ 1647లో ఫ్రాంక్‌ఫర్టున పుట్టినది. చిత్రకారుని పెండ్లాడి 1670 ప్రాంతమున నూరెంబర్గు చేరి, అచ్చటి సంపన్నుల కుమార్తెలకు చిత్రలేఖనము, కుట్టుపని నేర్పినది. వారు చూచి కుట్టుకొనుటకై 1675 మొదలుకొని పూల చిత్రముల సంపుటములు ప్రకటించినది. పూలు గీయునపుడు ఆకులను తినుచున్న పురుగులను గూడ చూచినది. గొంగళిపురుగు సీతాకోకచిలుకయగు క్రమమును ఓపికతో గీసినది. ఏబది రెండవ యేట, 1699లో, కుమార్తెను వెంటబెట్టుకొని ఓడనెక్కి దక్షిణ అమెరికాలోని సురినాము దేశమునకు పోయి, అచ్చటి కీటకములను గూర్చి 1705లో గొప్ప గ్రంథము ప్రకటించినది. నేడు ప్రకృతి శాస్త్రజ్ఞులు ఆమెను తమలో నొకతెగా లెక్కింతురు. ఆడపిల్లలకు పూలకుట్టు నేర్పుచు పూవులను పరిశీలించిన కన్నే పురుగులను గూడ పరిశీలించినది.

నా గుడ్డ ఆమె శిష్యురాలిది కావచ్చునని నేను కొంతకాలము కలగంటిని. 1694 అను అంకె ఆ కలకు ఊతమిచ్చినది. అప్పటికి ఆమె నూరెంబర్గు వదలి చాలకాలమైనదని తెలిసినను, శిష్యురాలి శిష్యురాలు కారాదా యని సరిపెట్టుకొంటిని. మనకు కావలసిన జవాబు వైపు ఫైలు ఎట్లు నడచునో ఈ సభలో నేను ఎవరికిని వివరింప నక్కరలేదు.

ఇక అక్షరమాల సంగతి. బాలికకు చదువు నేర్పుటకే అక్షరములు కుట్టించిరని నేను తలచితిని. అది కొంతవరకే నిజము. ముఖ్యమైన ప్రయోజనము వేఱు. ఆ దేశమున పెండ్లికూతురు సారెగా దుప్పట్లు, తువాళ్ళు, బల్లగుడ్డలు, లోదుస్తులు డజన్ల కొలది తీసికొనిపోవును. కలిగినవారి ఇండ్లలో పెద్ద చాకిరేవు సంవత్సరమునకు కొన్ని మారులే. ఎన్ని నెలలకొకసారి ఉదికిన నంత గొప్ప. అన్ని గుడ్డలు వారికున్నవని అర్థము. అన్ని గుడ్డలు కలిసిపోకుండుటకు ప్రతిదానిపైనను ఇంటి యజమానురాలి పొడి అక్షరములు, వరుస సంఖ్య ఎఱ్ఱదారముతో కుట్టుదురు. మన చాకలి గుర్తు వంటిదే. అందుచేత అక్షరములు కుట్టుట నేర్చుకొనుట సంసారము నడపుటకు తొలి మెట్టు. గొప్పింటి పిల్లలే గాక అనాథ శాలలలోని పిల్లలును నేర్చిరి. ఇతరుల గుడ్డలపై గుర్తులు వేయుట వారికి కూలి గడించు మార్గము. ఆడపిల్లలకు చేతిపని నేర్పిన అట్టి సంస్థలలో హాలే పట్టణమున ఫ్రాంకె అను మతాచార్యుడు 1695లో మొదలుపెట్టినది ఒకటి. మన భాషకు అదొక పుణ్యస్థలము. మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ స్వదేశము చేరి 1746లో తొలి తెలుగు అచ్చుపుస్తకములు వేయించినది అచ్చటనే.

ఇప్పుడు సవరణకు వచ్చెదను. ఈ వేసవిలో చట్రములో పురుగు చేరినదని నా భార్య గుడ్డను బయటకు తీసెను. ఆరేండ్లలో మేము దాని వెనుకవైపు చూచుట అదియే ప్రథమము. చూచి ఆశ్చర్యపోతిమి. ముందువైపు వెలిసిన ఇటుకరంగుగా నున్నది వెనుక నిండు గులాబి. నేను నీలమని మురిసిన ఆకులు నిజమునకు పచ్చనివి. ఆ కాలమున ఆకుపచ్చకు వేఱు రంగు లేదు. పసుపురంగు, నీలిరంగు ఒకదానిపై ఒకటి అద్దెడివారు. వెలుతురునకు పసుపు ముందుగా పోవును, నీలము మిగులును. నేను మీకు చూపినది సగము వెలిసిపోయిన ఆకు.

మిగిలిన ఆ నీలమైనను మనదేనా? జర్మనీలో తరతరములుగా వోడ్ అను మొక్కనుండి నీలము తీసిరి. ఎర్‌ఫర్టు నగరము ఆ వర్తకముతోనే బలిసినది. మన నీలిమందు పోటీకి రాగా 1577లో సామ్రాజ్యపు శాసనముతో దానిని నిషేధించిరి. పిశాచపు రంగు అని పేరుపెట్టిరి. నూరెంబర్గు అద్దకపువారు దానిని వాడమని ఏటేట ప్రమాణము చేయవలసివచ్చెను. తుదకు నీలిమందే గెలిచినది. అయితే వోడులోను, నీలిమందులోను ఉన్న రంగుపదార్థ మొక్కటే. దారమును పరీక్షించి ఇది ఫలానా మొక్కదని తేల్చుట దుస్సాధ్యము. పైగా పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాకు నీలిమందు అమెరికా ఖండపు తోటలనుండియు చాలగా పోవుచుండెను. కోరమండల తీరమని నేను చెప్పినది దేశాభిమానము పలికించిన మాట. ఉపసంహరించుకొనుచున్నాను.

సంవత్సరము సంగతి ఇంకను విచారకరము. నా భార్య వెనుకవైపు వ్రేలుపెట్టి చూపి, "ఈ పిల్ల ఎక్కడను ముడి వేయలేదు. దారపు కొస కుట్టుల క్రింద దూర్చినది. ఈ ఆరు అంకె వెనుక మాత్రము ముడి ఉన్నది, చూడండి. ఇది మఱియొకరు కుట్టినది" అనెను. తెగినచోట ఎవరో బాగుచేసియుందురని నేను వాదించితిని. రెండు దినములు వాదించితిని. ఆ అంకె దారము వెనుక ఊదారంగుగా నుండి, చుట్టును మరక వ్యాపించియున్నది. భూతద్దముతో వెలుతురున కెత్తి చూడగా అంకెపైన అడ్డముగా ఖాళీ సూదిరంధ్రముల వరుస కనబడినది. అడ్డగీత విప్పిన గుర్తు. ఆరునకు ముందు అచ్చట ఏడు ఉండెను.

నమ్మలేక ఫొటోలు తీసి, జర్మనీలో ఒక మ్యూజియమున వస్త్రములను చూచుకొను నామెకు పంపితిని. ఆమె ఓపికతో జవాబు వ్రాసినది. ఆ ఊదా దారము 1856లో పెర్కిన్ కనుగొన్న కృత్రిమ రంగుల కాలము తరువాతిదిగా కనబడుచున్నదని చెప్పినది. అంకెను మార్చినవాడు సంతలో నాకు అమ్మినవాడే కానక్కరలేదు; శతాబ్దము క్రిందటి వర్తకుడైనను కావచ్చును. బొమ్మలను చూచి కాలము నిర్ణయింపరాదని గూడ ఆమె హెచ్చరించినది. సీబ్‌మాఖర్ నమూనాలను రెండు వందల యేండ్లకు పైగా కుట్టుచునే యుండిరి. అంతటితో ఆగలేదు. 1878 మొదలు ఫ్రీదా లిప్పర్‌హైదె అను నామె ప్రాచీన జర్మను కుట్టు నమూనాలను మరల అచ్చువేయగా, పందొమ్మిదవ శతాబ్దపు స్త్రీలు పదునారవ శతాబ్దపు లేళ్ళను, గద్దలను ఇండ్లలో కుట్టిరి. అక్షరమాలలో జె, యు లేకపోవుట పురాతనత్వమునకు గుర్తని నేను చదివితిని. ఆ అలవాటును చాలకాలము నిలిచినదే. ప్రాంతము తెలియుటకు కొన్నిచోట్ల మాత్రమే గట్టి గుర్తులున్నవి. హాంబర్గు దగ్గరి ఫీర్‌లాండె పల్లెలవారు నల్లని పట్టుతో కుట్టిన గుడ్డను ఎవరైనను పోల్చగలరు. నా గుడ్డకు అట్టి గుర్తు లేదు. నూరెంబర్గు గూడ పోయినది.

ఇక పేరు. ఇంగ్లండు బాలికలు చాలమంది గుడ్డపై పూర్తి పేరు, వయస్సు, ఒక పద్యము కుట్టిరి. జర్మను బాలికలు ఎక్కువగా పొడి అక్షరములతో సరిపెట్టుకొనిరి. మనము ఫైలుమీద పొట్టి సంతకము చేసినట్లే. ఆ గదిలోనివారికి అది ఎవరిదో తెలియును, కనుక చాలును. ఇరువది యేండ్లు గడచినచో ఆ సంతకము ఎవరిదో చెప్పువారుండరు. ఎ. ఎం. అనగా అన్నా మరియా కావచ్చును. ఆ కాలమున ఆ పేరు గల పిల్లలు ప్రతి వీధిలోను ఉండిరి. ఊరు తెలిసినచో చర్చిలోని జ్ఞానస్నానపు పుస్తకములు తిరుగవేయవచ్చును. తలిదండ్రుల యొక్కయు, తోబుట్టువుల యొక్కయు అక్షరములు గూడ కుట్టిన గుడ్డలు కొన్ని గలవు. వాని సాయముతో పేరు పట్టుకొన్న పరిశోధకులున్నారు. ఈ పిల్ల తన అక్షరములు మాత్రమే కుట్టినది.

ఆమె యెవరో నాకు తెలియలేదు. అయినను కొంత తెలిసినది. ద్రాక్షగుత్తి బొమ్మలో ఎడమవాని కాలు ఒక కుట్టు పొట్టి. లెక్క తప్పినది. విప్పలేదు, రెండవవాని కాలును గూడ ఒక కుట్టు తగ్గించి సరిచేసినది. హవ్వ జుట్టునకు దారము చాలక సగము వేఱు రంగు. నెమలి దగ్గరకు వచ్చుసరికి చేయి కుదిరినది. అచ్చట ఒక్క తప్పు లేదు. పై వరుసలోని ఏ అను అక్షరమునకును, పూదండలోని ఏ అను అక్షరమునకును ఎంత భేదమో చూచినచో, నడుమ కొన్ని నెలలు గడచినవని మీకే తోచును.

గుడ్డను మరల చట్రమున బిగింపలేదు. రెండు అద్దముల నడుమ పెట్టించితిమి. ఆరు అంకెను విప్పి ఏడు కుట్టెదనని మా అమ్మాయి ముందుకు వచ్చినది గాని, ఆమె తల్లి వలదన్నది. అది కూడ ఒకరి చేతిపనియే, ఉండనిమ్మన్నది. క్రింద అతికించుటకు నేను చీటి వ్రాసితిని: "ఎ. ఎం. హెచ్. కుట్టినది. 1794. జర్మనీ. 1694 అను అంకె తరువాతి కాలపు మార్పు." మొదట "జర్మను కన్య" అని వ్రాయగా నా భార్య ఆ మాట కొట్టివేసినది. "కుట్టినది" అనుట చాలునట.

గుడ్డను ద్వారము దగ్గర బల్లపై ఉంచితిని. పోవునపుడు చూడుడు. పిల్లలు ముట్టుకొనవచ్చును, ఈసారి అద్దము ఉన్నది. దయచేసి వెనుకవైపు గూడ త్రిప్పి చూడుడు.